వెయ్యి పూల గిన్నె

మధ్యాహ్నం బ్లాస్టింగుకు ముందు మా అక్కకు ఫోన్లో ఒక రింగు ఇచ్చేవాణ్ని. ఆమె ఎత్తేది కాదు, కట్ చేసేది. కట్ చేసిందంటే కిటికీలోని గాజు గిన్నెను దించి ఒళ్లో పెట్టుకుందని అర్థం. పేలుడు అయిపోయాక ఇంకో రింగు ఇచ్చేవాణ్ని. మళ్లీ కట్ చేసేది. అంటే గిన్నె మళ్లీ కిటికీలోకి ఎక్కిందన్నమాట. ఫోన్లో మాట్లాడితే డబ్బులు పోయే కాలంలో మొదలైన అలవాటు ఇది. మాట్లాడటం ఉచితమయ్యాక కూడా మేం మారలేదు. అక్కాతమ్ముళ్లం ఏళ్ల తరబడి ఎత్తని ఫోన్లతోనే ముచ్చట నడిపాం.

నేను గోదావరిఖని దగ్గర, పైనుంచి తవ్వే ఓపెన్ కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగు పని చూస్తాను. బండకు వరసగా బొక్కలు వేస్తారు, వాటిలో పేలుడు మందు నింపుతాం, మనుషుల్నీ యంత్రాల్నీ దూరం పంపుతాం, ఎర్రజెండాల వాళ్లు దారులు మూస్తారు, సైరన్ మోగుతుంది. అన్నీ అయ్యాక తాళం తిప్పి బటన్ నొక్కే చెయ్యి నాది. మా అక్క ఇల్లేమో ఆ గని అంచునే ఉన్న ఊళ్లో, చిట్టచివరి వాడలో. కాబట్టి రోజూ మా అక్క ఇంటిని ఊపేది ఎవరో కాదు, నేనే. ఇంత సూటిగా చెప్పుకోవడం నాకు ఈ మధ్యే అలవాటైంది. అంతకుముందు "కంపెనీ బ్లాస్టింగు" అనేవాణ్ని, కంపెనీకి వేరే చేతులున్నట్టు.

ముందు ఆ గిన్నె సంగతి చెప్పాలి. రెండు చేతులు కలిపి దోసిలి పడితే ఎంత ఉంటుందో అంత ఉంటుంది. గాజంతా పూలే. చిటికెన వేలి గోరంత పూలు, ఎరుపు నడుమ తెలుపు, తెలుపు నడుమ నీలం, ఒకదానికొకటి ఆనుకొని, సందు లేకుండా. పైన వేసిన రంగు కాదు. గోటితో గీకితే తగిలేది నున్నటి గాజే, పువ్వు మాత్రం లోపలెక్కడో ఉంటుంది. పొద్దున ఎండ పడితే మా అక్క ఇంట్లో ఎదుటి గోడ మీద రంగు మరకలు పాకేవి. ఆ గోడకున్న బీటలు ఆ కాసేపు కనిపించేవి కావు.

ఆ గిన్నె ఇటలీ నుంచి వచ్చింది. ఇటలీకి మా ఊరికి ఏం సంబంధమని ఎవరైనా అడుగుతారు. అప్పట్లో మా ఊరి దగ్గర చిన్న మిషన్ దవాఖాన ఒకటి ఉండేది. దాన్ని నడిపేది ఇటలీ నుంచి వచ్చిన ఒక సిస్టరమ్మ. పొట్టి మనిషి, చెప్పుల చప్పుడు ముందొచ్చేది, మనిషి వెనకొచ్చేది. మా అక్క బడి మానేశాక ఆమె దగ్గర కుదిరింది. పుండ్లకు కట్లు కట్టడం, కాన్పుల దగ్గర నీళ్లు కాచి అందించడం, బొడ్డు కోయడం నేర్చుకుంది. సిస్టరమ్మ ఏమో మా అక్క దగ్గర తెలుగు నేర్చుకుంది. అందుకే ఆమెకు పుస్తకాల తెలుగు రాలేదు, మా వాడ తెలుగు వచ్చింది. సర్పంచిని కూడా "ఏందిరా, జ్వరం తగ్గిందా?" అనే అడిగేది. ఆయన నవ్వుకుంటూనే నాలుక చాపేవాడు.

నేనప్పుడు ఇంటర్ తప్పి ఊరి మీద బలాదూరుగా తిరుగుతున్నాను. అక్కకు అన్నం గిన్నె తీసుకెళ్లే వంకతో దవాఖానలో కూర్చుంటే చల్లగా ఉండేది. ఒకరోజు వంటగదిలో అక్క బెండకాయలు తరుగుతోంది. సిస్టరమ్మ వచ్చి కత్తిపీట ఆపించింది. తరిగిన ముక్క ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది.

"గిది సూడు. కాయ పొడుగున్నది. లోపల పువ్వున్నది. ఏడ కోసినా గదే పువ్వు. అవునా?"

అవునన్నాను. పుట్టినప్పటి నుంచి బెండకాయ తింటున్నా దానిలో పువ్వుందని నాకెప్పుడూ తట్టలేదు.

"మా నాయిన గట్లనే గాజు చేసేటోడు" అంది.

వాళ్ల నాన్న మురానో అనే దీవిలో కొలిమి దగ్గర పని చేసేవాడట. ఆ దీవిలో తరతరాలుగా గాజు పనే. కరిగిన గాజు ముద్దను ఒక రంగులో ముంచి, దాని మీద ఇంకో రంగు, దాని మీద ఇంకోటి పొరలు పొరలుగా ఎక్కిస్తారు. మధ్యలో అచ్చులో నొక్కి రేకులు తెప్పిస్తారు. ముద్ద ఇంకా ఎర్రగా ఉండగానే రెండు కొసలకు రెండు ఇనుప చువ్వలు అంటించి, ఇద్దరు మనుషులు చెరోవైపు వెనక్కి నడుస్తారు. ముద్ద పాకంలా సాగి సాగి పెన్సిలంత సన్నటి కడ్డీ అవుతుంది. కడ్డీ ఎంత సన్నబడినా లోపలి పువ్వు చెదరదు, చిన్నదవుతుందంతే. ఆ కడ్డీని బెండకాయలా ముక్కలు తరిగి, పక్కపక్కన పేర్చి, అవి ఒకదాన్నొకటి పట్టుకునే దాకా కాచి, గొట్టానికి చుట్టి ఊది గిన్నె చేస్తారు. మిల్లెఫియోరి అంటారట, వెయ్యి పూలని అర్థం. ఆమె చెబుతూ వంటగదిలో వెనక్కి నడిచి చూపించింది. రెండో మనిషి వేషం మా అక్కది. బెండకాయ కూర ఆ రోజు మాడిపోయింది.

ఆమె దగ్గర ఇంకా కొన్ని గాజు వస్తువులుండేవి. ఒక గ్లాసులో తెల్లటి దారాలు వలలా అల్లుకొని ఉండేవి. దారం కాదు, అదీ గాజేనట. వల ప్రతి కంతలో ఆవగింజంత గాలి బుడగ, ఒక్కటీ తప్పిపోకుండా. జపమాలలో కొన్ని గోధుమరంగు పూసలు బంగారు రజను చల్లినట్టు మెరిసేవి. అది బంగారం కాదు, రాగి అని, మంట అదుపులో పెట్టి మెల్లగా చల్లారిస్తేనే ఆ మెరుపు వస్తుందని చెప్పేది. కాగితాల మీద పెట్టే బరువు ఒకటుండేది. ఎర్ర గాజును పసుపు గాజులో, దాన్ని తెల్ల గాజులో ముంచి తీసి చేసినది. నీళ్ల అడుగున దీపం వెలుగుతున్నట్టు ఉండేది. ఆమె వెళ్లిపోయేటప్పుడు వాటిని తలా ఒకటి పంచింది. దారాల గ్లాసు కంపౌండరు ఇంటికి పోయింది. వాళ్ల పిల్లలు దాన్ని ఎన్నాళ్లో ఉంచలేదు.

గిన్నె మా అక్కకు ఇచ్చింది. అది సిస్టరమ్మ ఇండియాకు బయలుదేరేటప్పుడు వాళ్ల నాన్న చేసి ఇచ్చిందట. ఆయన పోయినప్పుడు ఈమె వెళ్లలేకపోయింది. ఆ తర్వాత ఇక్కడ ఈమెకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టినప్పుడు పక్కనుండి చూసుకుంది మా అక్క. ముసలితనంలో మిషన్ పెద్దలు ఇటలీకి వెనక్కి పిలిచేసరికి, గిన్నె తెచ్చి అక్క చేతుల్లో పెట్టి, రెండు మాటలు చెప్పింది. ఒకటి, దీన్ని పెట్టెలో దాచొద్దని. "పెట్టెల పెడితే గిది రాయి. వెలుగుల పెడితేనే పూలు." రెండోది, తిరగేసి అడుగు చూపించింది. అడుగున చిన్న గరుకు మచ్చ ఉంది. ఊదిన గొట్టం నుంచి, పట్టుకున్న చువ్వ నుంచి గిన్నెను విడదీసిన చోటది. "చేత్తోని చేసిన గాజుకు బొడ్డుంటది. మెషీన్ల చేసినదానికి ఉండదు." బొడ్లు కోసిన చెయ్యి కదా, అక్కకు ఆ మాట గట్టిగా పట్టుకుంది. ఎవరొచ్చినా ముందు గిన్నె తిరగేసి బొడ్డు చూపించి, ఆ తర్వాతే పూలు చూపించేది.

ఇంకో మాట కూడా సిస్టరమ్మ ఎప్పుడో అంది, అది నాకు గుర్తుండిపోయింది. చేసిన గాజును వెంటనే బయట పెట్టకూడదట. వేడి గూట్లో పెట్టి మెల్లమెల్లగా చల్లార్చాలట. తొందరపెడితే పైకి బాగానే ఉంటుంది, లోపల కోపం ఉండిపోతుంది. ఒకనాడు ఎవరూ ముట్టకుండానే పగులుతుందట.

తర్వాత మా బాపు గనిలో అన్‌ఫిట్ అయ్యాడు, ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. కొన్నేళ్లు భూమి లోపల చేసి, ఓపెన్ కాస్టుకు మారాను. అక్కకు ఇప్పుడు గని అంచునున్న ఆ ఊళ్లోనే పెళ్లి అయింది. బావ కూడా గని మనిషే, పోయి కొన్నేళ్లయింది. కూతురిని నస్పూర్‌లో ఇచ్చింది. "మా దగ్గరికి రా అమ్మా" అని ఆ పిల్ల పిలుస్తూనే ఉంటుంది. అక్క వెళ్లదు. వాడంతా ఎప్పుడు ఖాళీ చేసి లేస్తే అప్పుడే తానూ లేస్తానంటుంది. నిజానికి ఊరు గని దగ్గరికి పోలేదు, గనే ఏడాదికింత జరుగుతూ ఊరి దగ్గరికి వచ్చింది. మొదట్లో పేలుడు దూరంగా ఎవరో తలుపు వేసినట్టు వినిపించేది. తర్వాత గిన్నెలు మోగాయి. తర్వాత గోడల్లో సన్నటి గీతలు కనిపించాయి. మేం అదురు కొలిచే మిషన్లు పెట్టి చూస్తాం. అంతా హద్దులోనే ఉంటుంది. హద్దు కాగితం మీద ఉంటుంది, సున్నం మా అక్క మంచం మీద రాలుతుంది.

సైరన్ మోగితే ఆ వాడలో అందరూ బయటికి వస్తారు. పొయ్యి మీది గిన్నె దించేవాళ్లు, ఊయలలోంచి పిల్లను ఎత్తుకునేవాళ్లు, టీవీకి చెయ్యి ఆనించి నిలబడేవాళ్లు. మా అక్క దించేది వెయ్యి పూల గిన్నె. మొదట్లో మంచం మీద దిండు వేసి దాని మీద పెట్టేది. ఒకసారి పైకప్పు పెచ్చు ఊడి సరిగ్గా ఆ దిండు పక్కనే పడింది. అప్పటి నుంచి మంచాన్ని నమ్మలేదు. గిన్నెను ఒళ్లో పెట్టుకొని, రెండు చేతులూ చుట్టూ వేసి, వాకిట్లో రేకుల కింద గోనెసంచి మీద కూర్చునేది. సైరన్ గాలివాటాన్ని బట్టి ఒక్కోసారి వాళ్ల వాడకు వినిపించేది కాదు. అందుకే నా రింగు. నేనే మొదలుపెట్టాను. అదొక గొప్ప ఉపకారం చేస్తున్నానని నా లోపల చాలాకాలం ఒక నమ్మకం ఉండేది.

ఆదివారాలు ఆమె ఇంటికి వెళ్లేవాణ్ని. ఖాళీ చేతులతో వెళ్లడం ఎందుకని బసంత్‌నగర్ నుంచి వచ్చే సిమెంటు బస్తా ఒకటి బండి మీద వేసుకొని పోయి బీటలు పూడ్చేవాణ్ని. వారమంతా గోడలు ఊపి ఆదివారం పూత పూసే తమ్ముడు ఎవరికైనా ఉంటాడా? మా అక్కకు ఉన్నాడు. ఆమె నీళ్లు కలిపి ఇస్తూ నవ్వేది.

"నువ్వే పలగ్గొడ్తవ్, నువ్వే అతుకు పెడ్తవ్. మంచిగున్నది తమ్మీ నీ డ్యూటీ."

నేనూ నవ్వేవాణ్ని. నవ్వు నోటి దాకా వచ్చేది, లోపలికి దిగేది కాదు. గిన్నె నాకు ఇచ్చెయ్యమని ఎన్నోసార్లు అడిగాను. మా క్వార్టర్ గనికి చాలా దూరం. అక్కడ పేలుడు ఎవరో దూరాన గొంతు సవరించుకున్నట్టు వినిపిస్తుంది, అంతే. ఆమె ఒప్పుకునేది కాదు. "సిస్టరమ్మ నాకిచ్చింది, నా కిటికీల ఉంటది" అనేది. నాకది కాస్త మొండితనంగా తోచేది. నేనడిగింది గిన్నె కోసమా, నా కోసమా అని అప్పుడు ఆలోచించలేదు. ఆ గిన్నె పగిలితే పగలగొట్టింది నేనే అవుతానన్న భయం నాది.

మొన్నటి వానాకాలం మొదట్లో జరిగింది ఇది. ఆ రోజు మందు నింపడం అయిపోయింది. డెటొనేటర్ల దగ్గరికి ఫోన్లు పట్టుకెళ్లకూడదు, జీపులో వదిలి వెళ్లాలి. వదిలే ముందు ఎప్పటిలాగే అక్కకు రింగు ఇచ్చాను. ఆమె కట్ చేసింది. మావాళ్లలో ఒకడు ఎప్పటిలాగే "అక్కకు చెప్పినవా అన్న? ఇగ పేల్చొచ్చా?" అని ఆటపట్టించాడు. బటన్ నొక్కే షెల్టర్ దగ్గరికి చేరేలోపే గోదావరి వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. దూరంగా మెరిసింది.

మెరుపు కనిపిస్తే ఇక మా పని ఆగిపోవాల్సిందే. మందు నిండిన బొక్కల మీద పిడుగు పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందరం దూరంగా వచ్చేశాం. దారులన్నీ కాపలా పెట్టి రేకుల షెడ్డులో నిలబడ్డాం. వాన దంచికొట్టింది. ఎవరో టీ తెప్పించారు, వేడి మిర్చి బజ్జీలు వచ్చాయి. ఫోను మళ్లీ నా జేబులోకి వచ్చింది.

నాకు అక్క గుర్తొచ్చింది. గుర్తు రాలేదంటే ఇప్పుడు నాకు కొంచెం సులువుగా ఉండేది, కానీ వచ్చింది. మా లెక్కలో దించు అనే రింగు ఉంది, ఎక్కించు అనే రింగు ఉంది. ఆగు అనే రింగు లేదు. ఇప్పుడు రింగు ఇస్తే పేలుడు అయిపోయిందనుకొని గిన్నె పైన పెట్టేస్తుంది. కాబట్టి ఫోన్ చేసి మాట్లాడాలి. చుట్టూ మావాళ్లున్నారు, ఇప్పటికే ఆటపట్టిస్తున్నారు. పైగా వాన పడుతోంది, మెరుస్తోంది, గని పక్కనే బతికిన మనిషికి పేలదని తెలియదా అనుకున్నాను. ఇంకో బజ్జీ తీసుకున్నాను. ఉల్లిపాయ, నిమ్మరసం చల్లి బాగా చేశాడు. ఆ రుచి కూడా గుర్తుంది, అదే నాకు బాధ.

వాన సాయంత్రానికి తెరిపిచ్చింది. వెలుతురు ఉండగానే పేల్చేశాం. అంతా సరిగ్గా పేలిందని చూసుకొని జీపు దగ్గరికి వచ్చి రెండో రింగు ఇచ్చాను. కట్ కాలేదు. రింగు చివరిదాకా మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ చివరిదాకా మోగింది. అన్నేళ్లలో ఎప్పుడూ అలా జరగలేదు. ఎవరికీ చెప్పకుండా బండి తీశాను.

అక్క పక్కింట్లో ఒక మెకానిక్ కుటుంబం ఉంటుంది. ఆయన భార్యను నేను భాభీ అంటాను. నేను వెళ్లేసరికి భాభీ రేకుల కింద నేల మీద కూర్చొని ఉంది. ఆమె తొడ మీద మా అక్క తల. మా అక్క మూతి చుట్టూ చక్కెర అంటుకొని ఉంది, ఒళ్లంతా చెమట, కళ్లు సగం మూతలు పడ్డాయి. గిన్నె ఇంకా ఆమె ఒళ్లోనే ఉంది. రెండు చేతులూ దాని చుట్టూ బిగుసుకొని ఉన్నాయి.

"ఆటో పిలిచిన భయ్యా, వస్తాంది" అంది భాభీ. తర్వాత నా మొహం చూసి ఆగలేకపోయింది. "ఈమెకు షుగర్ ఉన్నదని తెల్వదా నీకు? మధ్యాహ్నం సూది ఏసుకున్నది. అన్నం వడ్డించుకున్నది. అంతల నీ రింగ్ వచ్చింది. ఇగ గిన్నె పట్టుకోని కూసున్నది. వాన గట్ల కొడ్తాంటే నేను గోడ మీదికెల్లి అన్న, లోపలికి పోయి తినరాదే ఆపా అని. ఏమన్నదో ఎరుకేనా? 'మా తమ్ముడు ఇంకా చెప్పలే' అన్నది."

ఆ మాట విన్నాక నేను చేసిన పని ఏమిటంటే గిన్నెను తీయబోయాను. ఎందుకో నాకే తెలియదు. అక్క వేళ్లు వదల్లేదు. భాభీ ఒక్కో వేలూ మెల్లగా విప్పి తీసింది. గిన్నెకు ఎక్కడా గీత కూడా పడలేదు. లోపల ఇంట్లో కంచంలో అన్నం వడ్డించినట్టే ఉంది. పప్పు మీద సన్నటి సున్నం పొడి రాలి ఉంది. అది సాయంత్రం నేను నొక్కిన బటన్‌కు రాలింది.

కంపెనీ దవాఖానలో గ్లూకోజ్ ఎక్కించారు. సూది వేసుకొని తిండి తినకుండా అంతసేపు ఎలా ఉన్నారమ్మా అని డాక్టరమ్మ కోప్పడింది. ఇంకొంచెం ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదట. నేను మంచం పక్కన నిలబడి, నన్నే కోప్పడుతోందని విన్నాను. పక్క మంచం వాళ్లు బొగ్గు దుమ్ము పట్టిన నా బట్టలు చూసి స్టూలు జరిపి కూర్చోమన్నారు. కూర్చోలేకపోయాను.

అక్క కళ్లు తెరిచి ముందు నన్ను చూసింది.

"పేలిందా?" అంది.

"పేలింది."

"గిన్నె?"

"మంచిగున్నది. భాభీ దగ్గరున్నది."

"మరి రింగియ్యవైతివి" అంది. తిట్టలేదు. లెక్కలో ఒకటి తక్కువైంది, అంతే అన్నట్టు చెప్పింది. వాన కదా, పని పడింది కదా అని ఆమే నా తరఫున ఏవో చెప్పింది. నేను బజ్జీల సంగతి చెప్పలేదు. గట్టిగా నాలుగు తిట్టు, చెంప మీద కొట్టు అని అరవాలనిపించింది. సిస్టరమ్మ చెప్పిన గాజు గుర్తొచ్చింది. మా అక్కలో కోపం లేదని నాకు తెలుసు. ఆమెను ఎవరో మెల్లగా చల్లార్చి చేశారు. లోపల కోపం ఉండిపోయింది నాలోనే, అదీ నా మీదే. ఎవరూ ముట్టకుండా పగిలే రకం నేను.

ఇంటికి తీసుకొచ్చాక రెండు రోజులు నేనూ నా భార్యా అక్క దగ్గరే ఉన్నాం. కూతురు నస్పూర్ నుంచి వచ్చి నా వంక చూడకుండానే తల్లికి అన్నం కలిపి పెట్టింది. ఆ పిల్ల కోపం చూసి నాకు కాస్త ఊపిరి ఆడింది, కనీసం ఒకరైనా న్యాయంగా ఉన్నారని.

బయలుదేరేముందు అక్క గిన్నెను పాత చీర ముక్కలో చుట్టి నా భార్య చేతికిచ్చింది. నేను వాకిట్లో బండి తిప్పుతున్నాను. చూసి లోపలికి వచ్చాను.

"ఏందక్కా గిది? ఇన్నేండ్లు అడుగుతే ఇయ్యలే."

"మీ క్వార్టర్ల తూర్పు కిటికీ ఉన్నది గదా. గండ్ల పెట్టు."

"నాకద్దు. నీ గిన్నె నీకాడనే ఉండాలె. నేను ఇగ మర్వ. ఒట్టు."

ఆమె మంచం మీద కాళ్లు ముడుచుకొని కూర్చుంది. నా వైపు కాదు, గోడ వైపు చూస్తూ చెప్పింది. "నాకోసం గాదు తమ్మీ. నువ్వు రోజు అక్కడ నిలబడి నా గిన్నె ఫికర్ చేసుకుంట బటన్ ఒత్తుతవ్. మీ బావ చెప్పేటోడు, మందుకాడ మనసు ఇంకో దిక్కు ఉండొద్దని. నీ చెయ్యి వణుకొద్దు. గది తీస్కపో."

ఇంతకాలం నేను ఆమె గిన్నెను కాపాడుతున్నాననుకున్నాను. ఆమె ఆ గిన్నె వదులుకొని నన్ను కాపాడింది. కిటికీ ఖాళీ అయింది. గిన్నె ఉన్నంత మేర కిటికీ గట్టు మీద దుమ్ము పట్టని గుండ్రటి చోటు మిగిలింది. దానిపైన గోడలో పోయిన నెల నేను పూసిన సిమెంటు గీత పక్కనే కొత్త బీట ఒకటి మొదలైంది. నేను చూశానని ఆమె చూసింది.

మా ఇంట్లో నా భార్య గిన్నెను వంటగది పక్కనున్న తూర్పు కిటికీలో పెట్టింది. అంతకుముందు తిరగేసి బొడ్డు తడిమింది. "ఇటలీ బిడ్డ గోదావరి దాకా వచ్చింది సూడు" అని నవ్వి, నా మొహం చూసి ఆపేసింది. మర్నాడు పొద్దున డ్యూటీకి ముందు టిఫిన్ చేస్తుంటే ఎండ వచ్చింది. ఎర్ర మరకలు, నీలం మరకలు గోడ దిగి, బల్ల మీదికి పాకి, నా ఉప్మా కంచంలోకి వచ్చాయి. మా గోడకు ఒక్క బీట లేదు. నునుపుగా, శుభ్రంగా, రంగులకు చక్కగా కుదిరింది. కంచం పక్కకు జరుపుకొని గబగబా తిని లేచాను. ఎంత అందంగా ఉందో చూడమని నా భార్య పిలుస్తుంటే ఆలస్యమైందని చెప్పాను. ఆలస్యం కాలేదు.

ఆ మధ్యాహ్నం ఆకాశం తేటగా ఉంది. మందు నింపడం అయింది, జెండాల వాళ్లు వెళ్లారు. జీపు దగ్గర ఫోను ఇచ్చేముందు నా వేలు దానంతటదే అక్క నంబరు నొక్కేసింది. నొక్కాక గానీ గుర్తుకు రాలేదు. కట్ చేస్తుందిలే అనుకున్నాను. ఆమె ఎత్తింది. అన్నేళ్లలో ఆ వేళకు ఆమె ఎత్తడం అదే మొదటిసారి.

"తమ్మీ" అంది. "ఇగ దించేటందుకు ఏం లేదు గదరా."

"నువ్వు బయటికొచ్చి కూసో అక్కా. అన్నం తిన్నవా?"

"తిన్న. తిన్నంకనే వచ్చిన. రేకుల కిందనే కూసున్న." వెనక భాభీ ఎవరినో పిలుస్తున్న గొంతు వినిపించింది. "ఒళ్లె ఏం లేకపోతే చేతులు ఏడ పెట్టుకోవాల్నో సమజైతలేదు తమ్మీ."

జీపు డ్రైవరు నా ఫోను కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు.

"సరే, నీ పని నువ్వు చేస్కో" అని ఆమె కట్ చేసింది. మా లెక్కలో కట్ చేస్తే దించినట్టు. నేను ఫోను అతనికిచ్చి షెల్టర్ వైపు నడిచాను.